గ్రీన్‌కార్డు రెన్యువల్ తేలలేదు, అమ్మానాన్న గుంటూరులో ఉన్నారు: ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. మీరు డాలస్‌లో ఉంటారు. అమ్మానాన్నలిద్దరివీ పదేళ్ళ గ్రీన్‌కార్డులు, రెండింటి గడువూ 2025 మార్చిలో అయిపోయింది. అంతకుముందే జనవరిలో ఇద్దరికీ ఐ-90, అంటే కార్డు రెన్యువల్ ఫారం, వేశారు, రసీదులు వచ్చాయి, పాత వేలిముద్రలే వాడుకుంటామని కాగితం కూడా వచ్చింది. ఏప్రిల్‌లో వాళ్ళు గుంటూరు వెళ్ళారు. నాలుగు నెలల్లో తిరిగొద్దామనుకుంటే అమ్మగారికి మోకాలి ఆపరేషన్ పడింది, ఇప్పటికి ఎనిమిది నెలలైంది. కార్డులు రాలేదు, ఆన్‌లైన్‌లో స్టేటస్ కదలడం లేదు. నాన్నగారేమో కార్డు చేతికొచ్చాకే బయల్దేరదాం, ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపిస్తే పరువు పోతుంది అంటున్నారు. అమ్మగారి రసీదు ఒరిజినల్ కనిపించడం లేదు. మధ్యలో ఎవరో ఏజెంటు, కాన్సులేట్‌లో వేరే అప్లికేషన్ పెట్టాలి, మనిషికి ఇంత అవుతుంది అని చెప్పాడు.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత వివరాలు. కార్డుల కోసం గుంటూరులో కూర్చోవద్దు. ప్రయాణం చేయొచ్చని డాక్టరు చెప్పగానే టికెట్లు తీసి రప్పించేయండి, ఏప్రిల్ దాకా లాగొద్దు. ఏజెంటుకి రూపాయి కూడా ఇవ్వొద్దు. కార్డు గడువు అయిపోవడం మీవాళ్ళకి పెద్ద సమస్యేమీ కాదు, వాళ్ళు అమెరికా బయట గడుపుతున్న రోజులే సమస్య. దాదాపు అందరూ కార్డు మీది తేదీ చూసి టెన్షన్ పడతారు, శంషాబాద్‌లో దిగినప్పుడు పాస్‌పోర్టులో పడిన స్టాంపు తేదీ సంగతి మర్చిపోతారు.

నేను లాయర్ని కాదు. న్యూజెర్సీలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. మా అమ్మవి, మా అత్తమామలవి కార్డులు, రెన్యువళ్ళు అన్నీ నేనే చూసుకున్నాను, కొన్ని తప్పులూ చేశాను. ఆ తర్వాత తెలిసినవాళ్ళందరూ ఇలాంటివి నా దగ్గరికే తెస్తున్నారు. కింద రాసింది ఆ అనుభవంతో, ఆ నియమాలు మళ్ళీ మళ్ళీ చదివిన అలవాటుతో.

మీ నాన్నగారికి వ్యవసాయం ఉందన్నారు కాబట్టి ఆయనకి ఇలా చెప్పి చూడండి. పట్టాదారు పాస్‌పుస్తకం చిరిగిపోయిందని పొలం పోదు కదా, కొత్త పుస్తకం వచ్చేదాకా ఆఫీసు చుట్టూ తిరుగుతాం, పొలం మాత్రం మనదే. గ్రీన్‌కార్డు కూడా అంతే. పదేళ్ళకి అయిపోయేది కార్డు, పర్మనెంట్ రెసిడెంట్ హోదా కాదు. హోదా పోవాలంటే మనంతట మనం వదులుకోవాలి, లేదా ఇమ్మిగ్రేషన్ జడ్జి తీర్పు రావాలి. కానీ పొలాన్ని ఏళ్ళ తరబడి బీడు పెట్టి ఊరు వదిలేస్తే ఏదో ఒకరోజు ఎవరో వచ్చి ఇది నిజంగా మీదేనా అని అడుగుతారు చూడండి, అమెరికా బయట ఎక్కువకాలం ఉంటే ఎదురయ్యేది ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు కొత్త కార్డులో ఉండదు. నిన్న అచ్చయిన కార్డు చేతిలో ఉన్నా, ఏడాదిన్నర బయట ఉండి వస్తే అదే ప్రశ్న పడుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న కాగితం సంగతి. 2024 సెప్టెంబర్ 10 నుంచి యూఎస్‌సీఐఎస్, అంటే ఈ అప్లికేషన్లు చూసే అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ వాళ్ళు, రెన్యువల్ కోసం ఐ-90 వేసినవాళ్ళకి రసీదులోనే 36 నెలల పొడిగింపు ఇస్తున్నారు. అంతకుముందు 24 నెలలు ఉండేది, ఇంకా ముందు 12. ఈ 36 నెలలు లెక్కపెట్టేది రసీదు తేదీ నుంచి కాదు, కార్డు మీద అచ్చయిన గడువు తేదీ నుంచి. అంటే మీవాళ్ళ కార్డులు 2025 మార్చిలో అయిపోయాయి కాబట్టి, పాత కార్డు, రసీదు రెండూ కలిపి చూపిస్తే 2028 మార్చి దాకా చెల్లుతాయి. ఉత్త రసీదు ఒక్కటే చాలదు, పాత కార్డు కూడా జతగా ఉండాలి. కాబట్టి పాత కార్డు ఇక పనికిరాదని బీరువాలో ఎక్కడో పడేస్తే ముందు అది వెతికించండి, పెద్దవాళ్ళు కొందరు నిజంగానే పారేస్తున్నారు. కార్డు పోగొట్టుకుని రీప్లేస్‌మెంట్ కోసం ఐ-90 వేసినవాళ్ళకి ఈ పొడిగింపు వర్తించదు, అది వేరే కథ, కింద చెప్తాను. పెళ్ళి ద్వారా వచ్చే రెండేళ్ళ కండిషనల్ కార్డుల దారి కూడా వేరు, వాళ్ళు వేసేది ఐ-751, వాళ్ళకి పొడిగింపు 48 నెలలు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా అలాంటి కార్డు ఉంటే ఈ సమాధానం మీకు కాదు.

ఎయిర్‌పోర్టులో ఆపేస్తారా అన్నది మీ నాన్నగారి అసలు భయం. అది వట్టి భయమేమీ కాదు, కాకపోతే ఆపేది అమెరికా ప్రభుత్వం కాదు, ఎయిర్‌లైన్ కౌంటర్లో ఉన్న మనిషి. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ణి ఎక్కిస్తే ఎయిర్‌లైన్‌కి జరిమానా పడుతుంది, అందుకని అనుమానం వస్తే ఎక్కించకపోవడమే వాళ్ళకి క్షేమం. కానీ సీబీపీ, అంటే అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ళు, విమాన సంస్థల కోసమే ఒక గైడ్ ఇచ్చారు. పదేళ్ళ గడువుతో ఇచ్చిన గ్రీన్‌కార్డు ఎక్స్‌పైర్ అయినా ఆ ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవచ్చని అందులో ఉంది. యూఎస్‌సీఐఎస్ సైటులో, కార్డు లేనివాళ్ళు విమానం ఎక్కడానికి వేసే ఐ-131ఏ ఫారం పేజీలో కూడా ఇదే మాట ఉంటుంది, ముందు మీ ఎయిర్‌లైన్‌ని కనుక్కోండి అన్న హెచ్చరికతో సహా. అంటే అమ్మగారి రసీదు దొరక్కపోయినా, పదేళ్ళ కార్డు చేతిలో ఉంటే కాగితం మీద ఆవిడకి అడ్డేమీ లేదు. ఆచరణలో అర్ధరాత్రి కౌంటర్లో ఏమవుతుందన్నది మాత్రం వేరే ముచ్చట.

మా అత్తగారి సంగతి చెప్తాను, 2023 నవంబర్లో జరిగింది. శంషాబాద్‌లో రాత్రి రెండైంది, ఇక్కడ మాకు మధ్యాహ్నం మూడున్నర, నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. బావమరిది ఫోన్: "బావా, కార్డు ఎక్స్‌పైర్ అయిందంటున్నారు, ఎక్కించరంట." కౌంటర్లో ఉన్నది ఇరవై ఏళ్ళ అమ్మాయి, తెలుగమ్మాయే, తప్పు తనది కాదు, కార్డు తిప్పి చూసి తేదీ దాటిపోయిందని చెప్పింది. పొడిగింపు లెటర్ ఉందమ్మా అని మా అత్తగారు చెప్తూనే ఉన్నారు, కానీ ఆ లెటర్ ఎక్కడుందయ్యా అంటే, నేను కొరియర్‌లో పంపిన ప్లాస్టిక్ ఫైల్లో, ఆ ఫైలేమో పెద్ద సూట్‌కేసులో, ఆవకాయ డబ్బా కింద. భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టుకున్నారట. సూట్‌కేసు అప్పటికే తూకం వేసి ట్యాగ్ కట్టేశారు. దాన్ని వెనక్కి తెప్పించి, క్యూలో అందరి ముందూ నేలమీద తెరిచి, ఫైలు తీసేసరికి లెటర్ ఒక మూల నూనె మరక. సూపర్‌వైజర్ వచ్చాడు, కంప్యూటర్లో టిమాటిక్ చూశాడు, అది ఏ దేశానికి ఏ కాగితం కావాలో ఎయిర్‌లైన్స్ అన్నీ చూసుకునే డేటాబేస్. ఎవరికో ఫోన్ చేశాడు, అరగంట తర్వాత బోర్డింగ్ పాస్ ఇచ్చాడు. ఆ అరగంటలో మా బావమరిది బీపీ ఎంతకి వెళ్ళిందో తెలీదు గానీ నాది మాత్రం బాగానే పెరిగింది.

ఆ దెబ్బతో నేర్చుకున్నది ఏమిటంటే, మామూలుగా మూడు గంటల ముందు వెళ్ళేవాళ్ళు ఇలాంటప్పుడు నాలుగు గంటల ముందు వెళ్ళాలి. ఫైలు చేతిలో ఉండాలి. ఎక్స్‌పైర్ అయిన కార్డు ఒక్కటే ముందు ఇచ్చి వాళ్ళు అడిగాక లెటర్ తీయడం కాదు, పాస్‌పోర్టు, కార్డు, లెటర్ మూడూ ఒకేసారి బల్లమీద పెట్టాలి, లెటర్‌లో 36 నెలలు అన్న వాక్యం దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత గీసి. సీబీపీ గైడ్‌లో ఆ పేజీ ప్రింటు తీసి అడుగున ఉంచండి. ఎక్కించం అంటే వాదన పెట్టుకోవద్దు, డ్యూటీ మేనేజర్‌ని పిలవమని మర్యాదగా అడగండి, టిమాటిక్ చూడమనండి, అప్పటికీ తేలకపోతే సీబీపీ వాళ్ళ కేరియర్ లయజాన్ గ్రూప్‌కి ఎయిర్‌లైన్ వాళ్ళే ఫోన్ చేసి కనుక్కోవచ్చు, ఆ గ్రూప్ ఉన్నదే అందుకు. టికెట్ కొన్నాక వారం ముందు ఎయిర్‌లైన్‌కి ఈమెయిల్ రాసి, ఎక్కించుకుంటాం అన్న జవాబు తెప్పించుకుంటే ఇంకా మంచిది, ఫోన్లో చెప్పిన మాట కౌంటర్లో పనిచేయదు.

రూటు విషయంలో నా సలహా కొంచెం పట్టింపుగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా డాలస్ రప్పించండి. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా అయితే అమెరికా నియమాలతో పాటు ఆ దేశపు ట్రాన్సిట్ నియమాలు కూడా మన ఇండియన్ పాస్‌పోర్టుకి వర్తిస్తాయి, చెల్లుబాటయ్యే గ్రీన్‌కార్డు ఉంటే ఒకలా, ఎక్స్‌పైర్ అయిన కార్డు ప్లస్ లెటర్ ఉంటే ఇంకోలా ఉండొచ్చు. వందో రెండొందలో డాలర్లు మిగులుతాయని ఆ తలనొప్పి కొనుక్కోవద్దు. అబూ ధాబీ మీదుగా కూడా వద్దు, దానికి కారణం వేరు. అక్కడ అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది, సీబీపీ ఆఫీసర్లు అక్కడే కూర్చుని తనిఖీ చేసేస్తారు. మామూలు రోజుల్లో అది సుఖమే, ఇక్కడ దిగాక లైన్ ఉండదు. కానీ ఎనిమిది, పది నెలలు బయట ఉండి వస్తున్నవాళ్ళకి ప్రశ్నలు పడతాయి, ఆ ప్రశ్నలేవో అమెరికా గడ్డమీద దిగాక పడటం మేలు, వేరే దేశంలో మధ్యలో ఆగిపోవడం కన్నా. నా అభిప్రాయం ఇది, కాదనేవాళ్ళు కూడా ఉన్నారు.

అమ్మగారి రసీదు. మీరు ఐ-90 ఆన్‌లైన్‌లో వేసి ఉంటే మీ పని సులువు, అకౌంట్లో డాక్యుమెంట్స్ కింద పీడీఎఫ్ ఉంటుంది, రంగుల్లో ప్రింటు తీసి పెట్టుకోండి. పోస్టులో వేసి ఉంటే, నోటీసు అందలేదని యూఎస్‌సీఐఎస్ సైటులో ఈ-రిక్వెస్ట్ పెట్టొచ్చు. అది అమెరికా చిరునామాకే వస్తుంది, కాబట్టి ఈవారమే మొదలుపెట్టండి. వచ్చాక ఎవరైనా గుంటూరు వైపు వెళ్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపండి, డాలస్‌లో మనవాళ్ళకి కొదవేమీ లేదు, ప్రతివారం ఎవరో ఒకరు విజయవాడ పెళ్ళికి వెళ్తూనే ఉంటారు.

ఇప్పుడు ఏజెంటు చెప్పిన కాన్సులేట్ అప్లికేషన్. అది ఐ-131ఏ అయి ఉండాలి, కేరియర్ డాక్యుమెంటేషన్ అంటారు. మనిషికి 575 డాలర్లు, ఆన్‌లైన్‌లో కట్టి, అపాయింట్‌మెంట్ తీసుకుని స్వయంగా వెళ్ళాలి. దాంతో పాస్‌పోర్టులో ఒక బోర్డింగ్ ఫాయిల్ అతికిస్తారు, అది చూపించి విమానం ఎక్కొచ్చు. కార్డు పోయినవాళ్ళకి, దొంగతనం జరిగినవాళ్ళకి, ఎయిర్‌లైన్ ఖరాఖండిగా ఎక్కించనన్నవాళ్ళకి అది ఆధారం. బస్సులో పర్సు పోయిందనుకోండి, వెంటనే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకుని ఆ దారి పట్టాలి. మీవాళ్ళ దగ్గర కార్డులున్నాయి, అమ్మగారి రసీదు మళ్ళీ తెప్పించుకోవచ్చు, ఇద్దరికీ కలిపి 1,150 డాలర్లు పోసి ఆ ఫాయిల్ ఎందుకు? పైగా దానికీ ఒక హద్దుంది, రీ-ఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువకాలం బయట ఉండటానికి వెళ్ళేముందే తీసుకునే అనుమతి, లేనివాళ్ళు అమెరికా వదిలి ఏడాది లోపు ఉన్నప్పుడే దానికి అర్హులు. ఏడాది దాటాక అదీ దొరకదు.

ఈ ఏడాది అన్న గీత దగ్గర కాసేపు ఆగుతాను, మీకు అసలు గండం ఉన్నది ఇక్కడే. వరుసగా ఏడాది, అంతకు మించి బయట ఉంటే, గ్రీన్‌కార్డు, అది ఎంత కొత్తదైనా సరే, తిరిగి ప్రవేశించడానికి పనికొచ్చే పత్రం కాకుండా పోతుంది. అప్పుడు మిగిలేది ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా. డీఎస్-117 ఫారం, 180 డాలర్ల ఫీజు, ఇంటర్వ్యూ, అది ఒప్పుకుంటే మళ్ళీ మెడికల్ పరీక్షలు, ఇమ్మిగ్రెంట్ వీసా ఫీజు. తిరిగి వెళ్ళే ఉద్దేశంతోనే బయల్దేరాం, మా చేతిలో లేని కారణంతో ఆగిపోయాం అని రుజువు చేయాలి. మోకాలి ఆపరేషన్ అయింది అంటే, అది ఏడాదికి పైగా ప్రయాణం ఆపేంతదా అని అడుగుతారు. కార్డు రాలేదని ఆగాం అంటే ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే పొడిగింపు లెటర్ ఇచ్చిందే ప్రయాణాలు ఆగకూడదని. ఇదీ మీ నాన్నగారి ప్లాన్‌లో ఉన్న చిక్కు, జాగ్రత్త కోసం ఆగుదామనుకుంటున్నారు, ఆగడమే ప్రమాదం. ఏప్రిల్ అని ఆఖరి వారం దాకా వెళ్ళొద్దు. జ్వరమొచ్చినా, ఫ్లైట్ క్యాన్సిల్ అయినా తట్టుకునేలా ఫిబ్రవరి నెలాఖరుకి ఇక్కడ ఉండేట్టు చూడండి.

దాని కన్నా చిన్న గీత 180 రోజులది, అది ఎలాగూ దాటేశారు. ఆరు నెలలు దాటి వస్తే ఆఫీసరు మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్ళలా చూడొచ్చు, వివరంగా ప్రశ్నించవచ్చు. మన పెద్దవాళ్ళలో ఒక నమ్మకం ఉంది, ఆరు నెలలకోసారి వచ్చి ముఖం చూపించి వెళ్తే కార్డు పదిలం అని. తప్పు. ఐదున్నర నెలలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ అని పదేళ్ళు తిరిగినా, నివాసం ఎక్కడ అని అడిగితే చెప్పుకోలేని పరిస్థితి వస్తుంది. మీవాళ్ళది అది కాదు, పదేళ్ళలో ఎక్కువభాగం డాలస్‌లోనే ఉన్నారు, ఈ ఒక్కసారే ఆలస్యమైంది అన్నారు కాబట్టి ధైర్యంగా ఉండొచ్చు.

ఆ ధైర్యం కాగితం మీద కనబడాలి. రిటర్న్ టికెట్ ముందే కొని ఉంటే ఆ తేదీ ఉన్న ప్రింటు, హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, ఇన్ని వారాలు ప్రయాణం వద్దన్న డాక్టరు ఉత్తరం, దాన్ని ఇంగ్లీషులో లెటర్‌హెడ్ మీద తేదీతో రాయించండి. ఇక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్, స్టేట్ ఐడీ లేదా లైసెన్సు, హెల్త్ ఇన్సూరెన్స్, ట్యాక్స్ రిటర్నులు. ట్యాక్స్ దగ్గర ఒక మాట, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఇండియా ఆదాయం కూడా చూపిస్తూ 1040, అంటే ఇక్కడి నివాసులు వేసే ట్యాక్స్ ఫారం, వేయాలి. కొంతమంది పన్ను తగ్గుతుందని 1040-ఎన్ఆర్ వేయించేస్తారు, అంటే నేను ఇక్కడి నివాసిని కాదు అని వాళ్ళే సంతకం పెట్టి ఇచ్చినట్టు. మీ సీపీఏ, అంటే ట్యాక్స్ అకౌంటెంటు, ఏం వేశాడో ఒకసారి చూసుకోండి.

ఆఫీసరు ముందు మాట్లాడటం గురించి. మా అమ్మ మొదటిసారి ఏడు నెలల తర్వాత వచ్చినప్పుడు, "ఎందుకొచ్చారు?" అని అడిగితే, మనవణ్ణి చూడ్డానికి వచ్చాను అంది. ఎంత ముద్దుగా ఉందో అంత ప్రమాదకరమైన జవాబు అది. చూడ్డానికి వచ్చేవాళ్ళు విజిటర్లు. వెంటనే సెకండరీకి, అంటే విడిగా ప్రశ్నించే చోటికి, పంపించారు, గంటన్నర కూర్చోబెట్టారు. ఆవిడ ఉండేది మాతోనే, ఊరికి వెళ్ళి తిరిగి ఇంటికొచ్చింది, ఆ ముక్కే చెప్పి ఉంటే సరిపోయేది. మీవాళ్ళకి అబద్ధాలు బట్టీ పట్టించమనడం లేదు నేను, ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెప్పమనండి: మేం డాలస్‌లో ఉంటాం, నాలుగు నెలలకి వెళ్ళాం, ఆపరేషన్ వల్ల ఆలస్యమైంది, ఇంటికి తిరిగొస్తున్నాం. ఇంగ్లీషు తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి అని అడగొచ్చు, ఫోన్లో కలుపుతారు. అర్థం కాని ప్రశ్నకి యస్, యస్ అని తలూపడం ఒక్కటి మాన్పించండి.

ఇంకోటి, ఇది తప్పకుండా చెప్పండి. ఐ-407 అనే ఫారం. గ్రీన్‌కార్డు నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అనేది దాని సారాంశం. 2025లో మన పెద్దవాళ్ళని, ముఖ్యంగా చలికాలం ఇండియాలో గడిపి వచ్చేవాళ్ళని, ఎయిర్‌పోర్టుల్లో ఇది సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారని వార్తలు కూడా వచ్చాయి. అది పెట్టి తీరాలన్న రూలేమీ లేదు. పెట్టను, జడ్జి ముందు చెప్పుకుంటాను అనే హక్కు ఉంది. అప్పుడు కోర్టుకి రమ్మని నోటీసు ఇవ్వొచ్చు, కార్డు తీసుకుంటే దాని బదులు వేరే ఆధారం ఇవ్వాలి, కానీ తీర్పు వచ్చేదాకా హోదా ఉన్నట్టే. చదవకుండా దేనిమీదా సంతకం వద్దు, రెండు ముక్కల్లో చెప్పాలంటే అంతే.

ఇది చదివేవాళ్ళలో కొందరికి ఇంకో పరిస్థితి ఉంటుంది, వాళ్ళ అమ్మానాన్నలకి ఇక్కడ ఉండటం నిజంగా ఇష్టం లేదు. చలి, ఒంటరితనం, కారు లేకపోతే కాలు కదలదు. అలాంటప్పుడు ప్రతి ఆరు నెలలకీ ఈ భయంతో వాళ్ళని లాక్కురావడం కన్నా, ప్రశాంతంగా వాళ్ళే సంతకం పెట్టి ఐ-407 పంపించేసి విజిటర్ వీసాకి వెళ్ళడం మేలు. మా మామగారు చివరికి అదే చేశారు. ఆ తర్వాతే ఆయన ఇక్కడికి సంతోషంగా వచ్చారు.

ఇక కార్డులు కదిలించడం. దీనికి మంత్రాలేమీ లేవు. యూఎస్‌సీఐఎస్ సైటులో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీలో మీ రసీదు తేదీ కొడితే, ఎప్పటి నుంచి విచారణ అడగొచ్చో చూపిస్తుంది. ఆ తేదీ దాటితే ఈ-రిక్వెస్ట్ పెట్టండి, దాటకపోతే పెట్టినా ఆగండి అనే జవాబే. అప్పటికీ కదలకపోతే మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాయండి, ప్రైవసీ రిలీజ్ ఫారం మీద నాన్నగారి, అమ్మగారి సంతకాలు కావాలి, గుంటూరు నుంచి స్కాన్ చేసి పంపినవి ఒప్పుకుంటారో లేదో వాళ్ళనే అడగండి. చాలామందికి తెలీదు, ఈ సాయం ఉచితం, పార్టీతో పని లేదు, మీకు ఓటు లేకపోయినా చేస్తారు. కంగారుపడి రెండో ఐ-90 మాత్రం వేయొద్దు. ఆన్‌లైన్‌లో 415 డాలర్లు దండగ.

మీరు ఈమధ్య ఇల్లు మారారా? మీ ప్రశ్నలో కొత్త ఇంటి ప్రస్తావన చూసి అడుగుతున్నాను. మారితే పది రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారంతో యూఎస్‌సీఐఎస్‌కి చెప్పాలి, మీకు కాదు, మీ అమ్మానాన్నల పేర్లమీద విడివిడిగా. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టాం కదా అని ఊరుకుంటే కార్డు ఫార్వర్డ్ అవదు, తిరిగి వెళ్ళిపోతుంది. ఈ తప్పు నేనే చేశాను. మా అత్తగారి కార్డు మా పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి వెనక్కి పోయింది, శంషాబాద్‌లో ఆ రాత్రి ఎక్స్‌పైర్ అయిన కార్డుతో ఆవిడ నిలబడటానికి కారణం నేనే. ఆవిడకి ఇప్పటికీ ఆ సంగతి చెప్పలేదు. వేలిముద్రలకి పిలుపు కూడా అదే చిరునామాకి వస్తుంది. మీవాళ్ళకి పాతవే వాడుకున్నారు కాబట్టి బతికిపోయారు, పిలుపు వచ్చి వెళ్ళకపోతే, తేదీ మార్చుకోకపోతే అప్లికేషన్ వదిలేసినట్టు లెక్కేస్తారు.

వచ్చాక చేయాల్సినవి క్లుప్తంగా. అప్పటికీ కార్డు రాకపోతే, మళ్ళీ ప్రయాణం ఉంటే, కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేసి తాత్కాలిక ఆధారంగా ఐ-551 స్టాంపు, అంటే ఏడిట్ స్టాంపు, అడగొచ్చు. అమ్మగారికి రెండో మోకాలు కూడా గుంటూరులోనే చేయిద్దామనుకుంటుంటే ఈసారి వెళ్ళేముందు రీ-ఎంట్రీ పర్మిట్ కోసం ఐ-131 వేయండి, అది అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలిచ్చి వెళ్ళాలి, మామూలుగా రెండేళ్ళకి ఇస్తారు. ఇండియా వెళ్ళాక గుర్తొస్తే లాభం లేదు.

సిటిజన్‌షిప్ సంగతి కూడా ఆలోచించండి. సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఎన్-400 వేసిన రసీదు కూడా కార్డుని 24 నెలలు పొడిగిస్తుంది, 2022 డిసెంబర్ నుంచి ఈ పద్ధతి ఉంది, కాబట్టి ముందే తెలిసి ఉంటే ఐ-90 వేయాల్సిన అవసరమే లేకపోయేది. ఇప్పుడు ఈ ప్రయాణం వల్ల ఒక చిక్కు వచ్చింది, ఆరు నెలలు దాటి బయట ఉంటే నిరంతర నివాసం తెగిందని అనుకునే వీలుంది, తెగలేదని మీరు కాగితాలతో చూపించాలి, ఏడాది దాటితే ఇక తెగినట్టే. మీ నాన్నగారు సిటిజన్‌షిప్ వద్దనడానికి పొలమే కారణమైతే, ఓసీఐ, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇండియా ఇచ్చే కార్డు, తీసుకున్నాక కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు గానీ, ఇండియాలో నివాసి అయి ఉన్నప్పుడు కొన్నది ఉంచుకోవచ్చు. అమ్మేయాల్సిన పని లేదు. ఈ ఒక్క అపోహతో ఎంతమంది నాన్నలు పదేళ్ళకోసారి ఈ కార్డుల గోల పడుతున్నారో.

చివరగా ప్రయాణం రోజు. అమ్మగారికి మోకాలు కాబట్టి వీల్‌చెయిర్ బుక్ చేయండి, నాన్నగారిని పక్కనే నడవమనండి, వీల్‌చెయిర్ వాళ్ళు వేరే లైన్లో తీసుకెళ్ళి ఇద్దర్నీ విడదీసేస్తుంటారు, అప్పుడు ఫైలు ఒకరి దగ్గర, మనిషి ఇంకో చోట. ఎవరి కాగితాలు వాళ్ళ చేతిసంచిలో ఉంచండి. డాలస్‌లో దిగాక బయటికి రావడానికి రెండు మూడు గంటలు పట్టినా, ఫోన్ కలవకపోయినా కంగారు పడొద్దు, లోపల ఆ హాల్లో ఫోన్ వాడనివ్వరు.